పిల్లలతో సింగపూర్ వెళ్తున్నారా?

మీ ఊళ్ళో కూడా ఈమధ్య ఎవరింట చూసినా సింగపూర్ కబుర్లేనా? మేమూ వెళ్ళొచ్చాం. మావారు, నేను, ఆరేళ్ళ మా చిన్నాడు, మా ఆడపడుచు, ఆవిడ మూడేళ్ళ పాప. చూడవలసిన చోట్ల గురించి అందరూ చెప్తారు. చంటిపిల్లల తల్లికి కావలసిన సంగతులు మాత్రం ఎవరూ చెప్పరు.

ముందు సామాను సర్దుకోవడం. మనకి అలవాటు కదా అని మసాలా డబ్బాలో గసగసాలు పెట్టేరు సుమా! అక్కడ వాటిని మత్తుమందుల లెక్కలో చూస్తారు. చూయింగ్ గమ్ 1992 నుంచీ నిషేధం. పిల్లల దగ్గు మందులో కోడీన్ ఉందేమో సీసా మీద చదవండి. అలాంటి మందుకి అక్కడి నియమాలు వేరు. ఇవి వదిలేసి అటుకులు, వేయించిన పెసరపిండి, చిన్న రైస్ కుక్కరు పెట్టుకోండి. పెరుగు అక్కడ ఎక్కడైనా దొరుకుతుంది. పాపకి రోజూ సాయంత్రం మెత్తగా పెరుగన్నం కలిపి పెట్టేశాం, పేచీ లేకపోయింది. మనకైతే లిటిల్ ఇండియాలో 1947 నుంచీ ఉన్న కోమల విలాస్ ఉండనే ఉంది. కుళాయి నీళ్ళు నేరుగా తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు.

అక్కడ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. మా పాప ఇంట్లో తొమ్మిదికి పడుకుంటుంది, అంటే అక్కడ పదకొండున్నర! మొదటి రోజు ఎనిమిదింటికే జోకొట్టి జోకొట్టి మా ఆడపడుచు చేతులు పడిపోయాయి. మర్నాటి నుంచి బుద్ధొచ్చి, పొద్దున్న ఆలస్యంగా లేచి, సాయంత్రాలు తిరిగాం. గార్డెన్స్ బై ది బేలో చీకటి పడ్డాక ఆ ఇనుప చెట్లకి వేసే దీపాల ఆట ఉచితం. రాత్రిపూట జంతువుల్ని చూపించే నైట్ సఫారీ కూడా మన పిల్లలకి సాయంత్రమే అన్నమాట. పాత పుస్తకాల్లో చదివి జురాంగ్ పక్షుల పార్కు కోసం వెతక్కండి, అది 2023లో మూసేశారు. పక్షుల్ని ఇప్పుడు జూ పక్కనే మండాయ్‌లో చూడాలి. జూలో పిల్లలు తడిసి ఆడుకునే చోటుంది, ఇంకో జత బట్టలు మరవకండి. బయట ఉక్కపోత, రైల్లో చలి. పల్చటి స్వెట్టరు సంచీలో ఉండాల్సిందే.

ఇక అసలు సంగతి. ఆర్చర్డ్ రోడ్డు చూసుకుని వస్తూ ధోబీ ఘాట్ స్టేషన్లో రైలు మారాలి. (పేరు చూసి నవ్వకండి, పూర్వం మన దేశం నుంచి వెళ్ళిన చాకళ్ళు అక్కడ బట్టలు ఉతికేవారట.) మావారు పాప బండి మడతపెడుతున్నారు, నేను సంచులు సర్దుకుంటున్నాను. రైలు రాగానే మా వాడు గబుక్కున ఎక్కేశాడు. తలుపులు మూసుకుపోయాయి. అద్దంలోంచి వాడి మొహం కనిపించింది, అంతే, రైలు కదిలిపోయింది.

నా కాళ్ళు చల్లబడ్డాయంటే నమ్మండి. నోట మాట లేదు. వాడికి నేనే నేర్పాను, "తప్పిపోతే ఉన్నచోటే కదలకుండా నుంచో" అని. బజార్లో అయితే ఆ మాట సరే. రైల్లో కదలకుండా కూర్చుంటే ఊరు దాటించేస్తుంది కదా! ఈ ముక్క ఇంట్లో ఉండగా నాకు తట్టనే లేదు. సిబ్బందితో మాట్లాడడానికి ప్లాట్‌ఫాం మీద మీట ఉంటుంది. అదీ అప్పుడు ఎవరికీ తోచలేదు.

నాలుగు నిమిషాలకి ఇంకో రైలొచ్చింది. ఆ నాలుగు నిమిషాల్లో నేను మొక్కని దేవుడు లేడు. ఒక్క స్టేషనే, లిటిల్ ఇండియా. తలుపు తెరుచుకోగానే ఎదురుగా ఒక ముసలి చైనా ఆవిడ, ఆవిడ చెయ్యి పట్టుకుని మా వాడు! వాడి జేబులో పెట్టిన ఫోను నంబరు కాగితం ఆవిడ చేతిలో ఉంది. ఆవిడ భాష నాకు రాదు, నాది ఆవిడకి రాదు. రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. ఆవిడ వాడి తల నిమిరి, మళ్ళీ రైలు కోసం నుంచుంది. వీడి కోసమే మధ్యలో దిగిందన్నమాట.

ఆ రాత్రే ఇద్దరు పిల్లల్నీ కూర్చోబెట్టి రెండో పాఠం చెప్పాం. రైల్లో మీరు ఎక్కి మేం ఉండిపోతే తర్వాతి స్టేషన్లో దిగి, దిగినచోటే నుంచోవాలి. మేం ఎక్కి మీరు ఉండిపోతే అసలు కదలకూడదు. మర్నాటి నుంచి మావారు ముందు, నేను వెనక, పిల్లలు మధ్యలో. మీరూ బయల్దేరే ముందే ఇది రెండుసార్లు ఆడించి చూడండి, మెట్రో ఉన్న ఊరైతే మన దగ్గరే.

పడుకోబోతూ వాడి చొక్కా విప్పుతుంటే జేబులో ఒక బిస్కెట్టు పొట్లం కనిపించింది. ఎక్కడిదిరా అన్నాను.

"ఆ మామ్మ ఇచ్చిందమ్మా. రైల్లో తింటే ఫైన్ వేస్తారన్నావుగా, అందుకని దాచుకున్నా."