పాత నీళ్ళు పారబోయకండి

ఫైనల్ సెమిస్టర్ పరీక్షలు అయిపోయిన వారం మన సీనియర్ల రూముల ముందు ఏమేం మిగులుతాయో మీకు తెలుసు. పరుపులు, బకెట్లు, రెక్క విరిగిన టేబుల్ ఫ్యాన్లు. పోయిన మే నెలలో కాజీపేటలో ఒక అన్న రూములో వీటితో పాటు ఒక చేప కూడా మిగిలింది. ఆస్కార్. కొన్నప్పుడు బొటనవేలంత ఉండేదట, మూడేళ్ళలో దాదాపు అడుగు పొడవైంది.

"తమ్మీ, నాకు బెంగళూరుల జాయినింగ్ ఉంది. దీన్ని వడ్డేపల్లి చెర్వుల ఇడ్సిపెడ్త. పెద్ద చెరువు గద, మంచిగ బతుకుతది" అన్నాడు.

"వద్దన్నా, మా ఇంటికి తీస్కపోత" అన్నాను. అన్నానే గానీ లోపల భయం. ఎందుకంటే అంతకు ముందు ఇట్లాగే ఒక చేపను మార్చబోయి చంపినవాణ్ణి నేను.

ఇంటర్‌లో ఉన్నప్పుడు రైల్వే క్వార్టర్ ఖాళీ చేసి సొంతింటికి మారాం. అక్వేరియం తళతళలాడేలా తోమాను. రాళ్ళు వేడినీళ్ళలో కడిగాను. ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా పిండాను. కొత్త నీళ్ళు నింపితే అద్దంలా ఉంది. మూడోరోజు సాయంత్రానికి చేప పక్కకు ఒరిగిపోయింది. "గింత శుభ్రం చేస్తివి గద బిడ్డా, ఎట్ల సచ్చింది?" అంది అమ్మ. అంత శుభ్రం చేసినందుకే చచ్చిందని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

చేప మొప్పల నుంచి అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. అది దానికే విషం. ఒకరకం బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకోరకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మార్చాక గానీ ప్రమాదం తగ్గదు. ఈ రెండు రకాలూ ఎక్కువగా ఉండేది నీళ్ళలో కాదు, స్పాంజిలో, రాళ్ళ మీద. కొత్త ట్యాంకులో ఇవి కుదురుకోడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను మురికి అనుకుని పిండి పారేసింది వీటినే. మిగిలినవాటి సంగతి నల్లా నీళ్ళలోని క్లోరిన్ చూసుకుంది.

కొత్త నీరు వచ్చి పాత నీటిని తోసేస్తుందని మనవాళ్ళు అంటారు. చెరువుకు అది నిజమేమో గానీ గాజుపెట్టెకు కాదు. అక్కడ పాతది కొంత మిగిలితేనే కొత్తదాంట్లో బతుకు.

అందుకే ఈసారి చేప కన్నా ముందు దాని స్పాంజి గురించి ఆలోచించాను. మా ఇంట్లో నాలుగడుగుల ట్యాంకు ఉంది. నాలుగు బై ఒకటిన్నర బై ఒకటిన్నర, అంటే 9 ఘనపుటడుగులు, సుమారు 255 లీటర్లు. నీళ్ళ బరువే 255 కిలోలు. కాబట్టి నింపాక జరుపుదామనుకోవద్దు, అతుకులు ఊడతాయి. ముందే స్టాండు మీద సరిగ్గా పెట్టుకుని సగం నీళ్ళు పోశాను. రాత్రంతా గాలి పంపు ఆన్‌లో ఉంచి, క్లోరిన్ పోవడానికి సోడియం థయోసల్ఫేట్ వేశాను. ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబులో బ్యూరెట్‌లో పోసుకున్న హైపో అదే.

ముందురోజు చేపకు మేత వేయలేదు. పొద్దున ఐదున్నరకే వెళ్ళాం. మేలో మధ్యాహ్నం మన మేడమీది ట్యాంకు నీళ్ళు ఎట్లా కాగుతాయో చెప్పక్కర్లేదు. వల వాడలేదు. పెద్ద చేప వలలో కొట్టుకుంటే రెక్కలు చిరుగుతాయి, ఒంటిమీది జిగురు పొర పోతుంది. మూతున్న ప్లాస్టిక్ టబ్బును నీళ్ళలోనే ముంచి చేపను మెల్లగా అందులోకి తోలాం. మూత మర్చిపోతే అది నేలమీద ఉంటుంది. బ్యాటరీ పంపు పెట్టి, పాత నీళ్ళు క్యాన్లలో నింపి, స్పాంజిని అదే నీళ్ళలో తడిగా ఉంచి, ఆటోలో ఫాతిమానగర్ బ్రిడ్జి దాటాం. ఇంటికొచ్చాక పాత నీళ్ళు, స్పాంజి ట్యాంకులోకి పోయాయి. టబ్బులోకి మాత్రం ట్యాంకు నీళ్ళు గ్లాసు గ్లాసుగా గంటసేపు కలిపాను. ఆ తర్వాతే చేపను వదిలాను.

వదిలిన గంటకు అది అడుగున పక్కకు ఒరిగి పడుకుంది. అచ్చం ఆ పాత చేపలాగే. చేతులు వణికాయి. టెస్ట్ కిట్‌తో చూస్తే అమ్మోనియా లేదు. ఆస్కార్లకు అలక ఎక్కువని, చోటు మారితే ఇట్లాగే పడుకుంటాయని తర్వాత తెలిసింది. మూడోరోజు లేచి వేలి వెంట తిరిగింది. అయినా రెండు వారాలు మేత తగ్గించి, రెండ్రోజులకోసారి పావువంతు నీళ్ళు మారుస్తూనే ఉన్నాను.

ఇంత కష్టమెందుకు, చెరువులో వదిలితే పోయేది కదా అంటారు కొందరు. అది దయ కాదు, చేతులు దులుపుకోవడం. ఆస్కార్ దక్షిణ అమెరికా చేప, చిన్న చేపల్ని మింగేస్తుంది. గాజుపెట్టెలో మేతకు అలవాటైంది చెరువులో బతకకపోతే అది చావాలి, బతికితే మన చేపలు చావాలి. అక్వేరియాల కోసమే తెచ్చిన సక్కర్ ఫిష్ ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల చెరువుల్లో, కాలువల్లో పెరిగి జాలర్ల వలలు చింపుతోంది. అదీ సముద్రం దాటి తనంతట తాను ఈదుకుంటూ రాలేదు. కొర్రమీనును రాష్ట్ర చేపగా పెట్టుకున్న మనం, ఊరికి తాగునీళ్ళిచ్చే వడ్డేపల్లి చెరువులో ఇవి వదలడం ఏం న్యాయం?

కొనేముందు షాపులో ఒక్కమాట అడగండి: ఇది ఎంత పెరుగుతుంది? నాలుగేళ్ళ కోర్సులో అది అడుగు పెరిగేదైతే ఎవరికి ఇచ్చి వెళ్తారో ఆరోజే ఆలోచించుకోండి. వెళ్ళేవాళ్ళు ఆఖరి వారం దాకా ఆగకుండా నెలన్నర ముందే చెప్పండి, తీసుకునేవాళ్ళకు ట్యాంకు సిద్ధం చేసుకునే టైం ఉంటుంది.

మా ఫిల్టర్‌లో ఇప్పుడు ఎప్పుడూ ఒక స్పాంజి ఎక్కువే ఉంచుతున్నాను. ఎవరైనా చేపను మారుస్తుంటే వచ్చి తీసుకుపోండి. డబ్బా మాత్రం తెచ్చుకోండి, మా ట్యాంకు నీళ్ళే పోసిస్తాను. దారిలో ఎండిపోనివ్వకండి.