నిద్రకూ కులముంది

కరోనా కాలంలో ఐసీయూ నర్సుల మానసిక ఆరోగ్యంపై ప్రపంచమంతటా అధ్యయనాలు వచ్చాయి. అలాంటి అధ్యయనాల్లో విరివిగా వాడే పిట్స్‌బర్గ్ నిద్ర సూచిక, గత నెలలో మీరు ఎన్నింటికి పడుకున్నారు, ఎన్ని గంటలు నిద్రపోయారు, మధ్యలో ఎంత తరచుగా మెలకువ వచ్చింది అని అడుగుతుంది. అవసరమైన ప్రశ్నలే. కానీ మన దేశంలో అవి చాలవు. మీ ఉద్యోగం పర్మినెంటా, ఔట్‌సోర్సింగా? నైట్ డ్యూటీ చేసి వచ్చాక పగలు పడుకోవడానికి విడిగా గది ఉందా? మీ కులమేది? ఇవి అడగనంతకాలం నర్సు నిద్రలేమి ఆమె సొంత జబ్బుగానే కనిపిస్తుంది.

2020 ఏప్రిల్‌లో సూర్యాపేట కూరగాయల మార్కెట్ పరిసరాల నుంచి కేసులు పెరిగేనాటికి అక్కడి ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమై ఏడాదైనా నిండలేదు. 2021 మేలో, రెండో ఉధృతి వేళ, హైదరాబాద్‌కు వెళుతున్న ఆంధ్రప్రదేశ్ అంబులెన్సులను కోదాడ సమీప సరిహద్దులో ఆపివేస్తే హైకోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది. పడకకూ ఆక్సిజన్‌కూ అంత కటకట ఉన్న రాత్రుల్లో రోగి పక్కన మేలుకొని ఉన్నది నర్సే. ఐసీయూలో ఒక రోగికి ఒక నర్సు ఉండాలన్న ప్రమాణం ఆ రోజుల్లో కాగితానికే పరిమితమైంది.

రక్తాన్నీ, మలమూత్రాలనూ, శవాన్నీ ముట్టుకునే పనిని మన సమాజం ఏ కులాలకు అంటగట్టిందో తెలిసిందే. తెలుగునాట మిషన్ ఆసుపత్రుల ద్వారా నర్సింగ్‌లోకి వచ్చిన తొలితరాల్లో దళిత క్రైస్తవ మహిళలు ఎందరో ఉండటం యాదృచ్ఛికం కాదు. కరోనా వచ్చి ‘అంటు’ అనే మాటకున్న రెండర్థాలనూ ఒకచోట చేర్చింది. వైద్య సిబ్బందిని అద్దె ఇళ్లు ఖాళీ చేయమని వేధించిన నేపథ్యంలో, కేంద్రం 2020 ఏప్రిల్ 22న అంటువ్యాధుల చట్టాన్ని ఆర్డినెన్సుతో సవరించింది. అగ్రకుల నర్సుకు ఆ వెలి కొత్త, తాత్కాలికం. దళిత నర్సుకు అది అమ్మమ్మల నాటి నుంచి ఎరిగిన అవమానమే.

మిర్యాలగూడలో 2018 సెప్టెంబర్ 14న, గర్భవతి అయిన భార్యను వైద్య పరీక్షకు తీసుకెళ్లి తిరిగొస్తున్న ప్రణయ్‌ని ఆసుపత్రి ముందే నరికి చంపారు. ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చిన కులం లోపలికి అడుగుపెట్టదని నమ్మడం అమాయకత్వం. లోపల అది కత్తి పట్టదు. ఎవరి పని నైపుణ్యం, ఎవరి పని ‘సేవ’ అన్న విభజనలో, ఎవరికెంత జీతం అన్న లెక్కలో కనిపిస్తుంది.

2020 జూలైలో గాంధీ ఆసుపత్రి ఔట్‌సోర్సింగ్ నర్సులు సమ్మెకు దిగారు. మరుసటి జూలైలో రాష్ట్రవ్యాప్తంగా 1,600 మందికి పైగా ఔట్‌సోర్సింగ్ నర్సులను తొలగించారు. చప్పట్లకూ తొలగింపునకూ మధ్య గడిచింది పదహారు నెలలే. సుప్రీంకోర్టు 2016 ఆదేశం మేరకు ఏర్పడిన కమిటీ, 50 పడకలలోపు ప్రైవేటు ఆసుపత్రులు సైతం నర్సుకు నెలకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలని సిఫార్సు చేసింది. చిన్న పట్టణాల్లో ఎక్కువగా ఉన్నవి అలాంటి ఆసుపత్రులే. వచ్చే నెల ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషికి ప్రాణాయామం చేయమని సలహా ఇవ్వడం వైద్యం కాదు.

రాత్రి డ్యూటీ ఏ కులపు నర్సు నిద్రనైనా చెడగొడుతుంది, నిజమే. వైరస్ కులం చూడదు. కానీ చెడిన నిద్రను తిరిగి తెచ్చుకోవడానికి సెలవు, ఇల్లు, పొదుపు, గౌరవం కావాలి. ఇవి కులాన్ని బట్టే పంపిణీ అయిన దేశం మనది.

కనుక నర్సులకు కౌన్సెలింగ్‌తో పాటు ఖాళీల శాశ్వత భర్తీ, వరుస నైట్ డ్యూటీలకు పరిమితి, ఆ తర్వాత తప్పనిసరి విశ్రాంతి, ఆసుపత్రి ఆవరణలోనే వసతి కావాలి. కులం, ఉద్యోగ స్వభావం నమోదు చేసే ఆరోగ్య సర్వే ఈ మూడు పట్టణాల నుంచే మొదలు కావాలి. పరిశోధక విద్యార్థులు ఆ పనికి ప్రభుత్వం కోసం ఎదురుచూడనక్కరలేదు. మరో మహమ్మారి వచ్చేసరికి మనల్ని కాపాడవలసినవాళ్లు ముందు కంటినిండా నిద్రపోగలగాలి.