విదేశీ హస్తం ఎవరిది?

మధురవాడ టీ కొట్ల దగ్గర కాసేపు నిలబడి చూడండి. ఏ మూల యుద్ధం జరుగుతున్నా ‘దీని వెనక ఉన్నది ఫలానా దేశమే’ అని తేల్చేసేవారు కనిపిస్తారు. టీవీ విశ్లేషకులూ అంతే. ఎదుటివాడి వెనకున్న చెయ్యి వాళ్లకు స్పష్టంగా కనిపిస్తుంది. తమ వెనకున్నది మాత్రం కనిపించదు.

మన తీరం సంగతే చూద్దాం. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ విశాఖ దగ్గర మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ అమెరికా తయారీ. నిజమే. దానిపై దాడి చేసిన మన రాజ్‌పుత్? ఒకప్పటి బ్రిటన్ యుద్ధనౌక. బీచ్ రోడ్డులో మ్యూజియంగా నిలిచిన కురుసుర? సోవియట్ తయారీ.

అదే నెలలో అమెరికా ఎంటర్‌ప్రైజ్ విమానవాహక నౌకను బంగాళాఖాతానికి పంపింది. సోవియట్ నౌకలు దాని వెంట వచ్చాయి. మనకు మొదటిది బెదిరింపు, రెండోది స్నేహం. అలా అనుకోవడానికి కారణాలున్నాయి. అయినా రెండూ బయటి చేతులే కదా!

ఘాజీ రాజ్‌పుత్ దాడిలో మునిగిందని మన నావికాదళం అంటుంది. తాను పరిచిన మైన్లే పేలాయని పాకిస్థాన్ అంటుంది. తొంభైమందికి పైగా నావికులు తిరిగి రాలేదన్నది మాత్రం ఇద్దరూ కాదనరు.

అందుకే వ్యాఖ్యాత ఎవరైనా సరే, ఒక్కటి గమనించండి. తన పక్షానికి రుచించని నిజం ఒక్కటైనా చెప్పాడా? చెప్పకపోతే అది విశ్లేషణ కాదు, ప్రచారం. ఈసారి పిల్లల్ని కురుసుర చూపించడానికి తీసుకెళ్తే, మన విజయంతోపాటు ఈ సంగతీ చెప్పండి.