ఫైలులో చెత్త ఏరినందుకు కూలి ఎవరిస్తారు?

రాజమండ్రిలో నాది స్టిక్కర్ కటింగ్ షాపు. ఆటోల వెనక పేర్లు, దుకాణాల అద్దాల మీద అక్షరాలు, గుడి బోర్డులు కోసిస్తాను. ప్రింటింగ్ మెషీన్ రంగును చూస్తుంది, కటింగ్ ప్లాటర్ గీతను చూస్తుంది. రంగు తీసేసి, అంచు తీసేసి, తెర మీద కనబడకుండా ఫైలులో వదిలేసిన గీతను కూడా చాలా కటింగ్ సాఫ్ట్‌వేర్లు గీతగానే లెక్కేస్తాయి. బ్లేడు అక్కడికీ వెళ్తుంది. అమ్మవారి పేరు మధ్యలో అడ్డంగా గాటు పడి వినైల్ పాడయ్యాక, ఫైలు పంపినాయనకు ఫోన్ చేస్తే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: "నా కంప్యూటర్లో బాగానే ఉందండీ."

బాగానే ఉంటుంది. తంటా అంతా అక్కడే.

బొమ్మలు గీసే ఇలస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్‌లో పెన్ టూల్‌తో ఒక్క క్లిక్ కొట్టి, మనసు మార్చుకుని ఇంకో టూల్ తీసుకుంటే అక్కడో చుక్క మిగులుతుంది. స్ట్రే పాయింట్ అంటారు. అది ప్రింటులో పడదు. కానీ బొమ్మకు రెండడుగుల దూరంలో కూర్చుని, మొత్తం సెలెక్ట్ చేసినప్పుడు నేనూ ఉన్నానంటుంది. దాంతో డిజైన్ కొలత పెరిగిపోతుంది, పేజీ మధ్యకు తెద్దామంటే బొమ్మ ఓ పక్కకు పోతుంది. టెక్స్ట్ టూల్ క్లిక్ చేసి ఏమీ టైపు చేయకుండా వదిలేసిన ఖాళీ టెక్స్ట్‌ది ఇంకో చిక్కు. అందులో అక్షరం లేకపోయినా ఫాంట్ పేరు ఉంటుంది. డిజైన్‌లో ఎక్కడా వాడని ఫాంట్ లేదంటూ నా కంప్యూటర్ గోల పెడుతుంది.

అదే పని చేసే ఇంక్‌స్కేప్ ఉచితం కాబట్టి కుర్రాళ్లు చాలామంది దాంట్లోనే నేర్చుకుంటున్నారు. సంతోషమే. అయితే దాని పాత వెర్షన్లలో మౌస్‌తో డబ్బా గీసి అందులో టైపు చేసే టెక్స్ట్, గీతల బొమ్మల ఫైళ్లకు వాడే ఎస్‌వీజీ ప్రమాణం 1.2 ముసాయిదాను నమ్ముకుని పుట్టింది. ఆ ముసాయిదా ప్రమాణంగా ఖాయం కాకుండానే ఆగిపోయింది. 2020లో వచ్చిన 1.0 వెర్షన్ పద్ధతి మార్చుకుంది గానీ పాత ఫైళ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అలాంటి ఖాళీ డబ్బా ఉన్న ఫైలు ఇంక్‌స్కేప్‌లో శుభ్రంగా కనిపిస్తుంది, వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే నల్లటి దిమ్మె ప్రత్యక్షమవుతుంది. ఎస్‌వీజీలో రంగు చెప్పని ఆకారానికి నలుపే రంగు మరి. ఎస్‌వీజీ ఫైలంటే లోపలంతా మామూలు టెక్స్టే కనుక నోట్‌ప్యాడ్‌లో తెరిచి 'ఫ్లోరూట్' అన్న ఇంగ్లీషు మాట వెతికితే దొంగ దొరికిపోతుంది.

మన తెలుగుకు అదనంగా 'అను' అనే ఫాంట్ల బాధ ఉంది. అందులో అక్షరం ఒక ముక్క, దాని గుణింతం గుర్తు ఇంకో ముక్క. కర్వ్స్‌లోకి మార్చాక ముక్కలన్నీ వెల్డ్ చేసి ఒకటిగా కలపాలి, లేకపోతే రెండు గీతలు కలిసేచోట అక్షరం లోపల కూడా కోత పడుతుంది. వెల్డ్ చేశాక కంటికి ఆనని పొట్టు ముక్కలు మిగిలితే అవీ ఏరాలి.

వెతకడం కష్టమేమీ కాదు. ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్ వై నొక్కినా, కోరెల్‌డ్రాలో వైర్‌ఫ్రేమ్ పెట్టినా, ఇంక్‌స్కేప్‌లో అవుట్‌లైన్ చూపు పెట్టినా రంగులన్నీ పోయి గీతలు బయటపడతాయి. ఇంక్‌స్కేప్‌లో ట్యాబ్ కొడుతూ పోతే వస్తువులు ఒక్కొక్కటే సెలెక్ట్ అవుతాయి, ఏమీ లేని చోట చుక్కల గీతల పెట్టె కనబడితే అదే మనకు కావలసింది. అక్కడి 'క్లీనప్ డాక్యుమెంట్' నొక్కేసి పనైపోయిందనుకునేవాళ్లున్నారు. అది వాడని గ్రేడియంట్ల వంటివాటినే తీసేస్తుంది, ఈ ఖాళీ వస్తువుల జోలికి పోదు. ఇలస్ట్రేటర్‌ క్లీనప్ మాత్రం చుక్కలు, రంగులేని ఆకారాలు, ఖాళీ టెక్స్ట్ మూడింటినీ తీస్తుంది.

ఇదంతా సాఫ్ట్‌వేరే తనంతట తాను చేసెయ్యొచ్చుగా అంటారు. నేనొప్పుకోను. మార్జిన్ కోసమని రంగులేని చతురస్రాన్ని కావాలనే పెట్టేవాళ్లున్నారు. ఏది కావాలని పెట్టిందో, ఏది మర్చిపోయిందో గీసినవాడికే తెలుస్తుంది. అందుకే శుభ్రం చేయాల్సింది కూడా గీసినవాడే. డీటీపీ ఇన్‌స్టిట్యూట్లు షాడోలు, త్రీడీ అక్షరాలు నేర్పినంత శ్రద్ధగా వైర్‌ఫ్రేమ్‌లో ఫైలు చూడడం నేర్పడం లేదు. వినైల్‌కు అడుగు లెక్కన రేటుంది, బ్లేడుకు ఖరీదుంది, ఫైలు సర్దిన గంటకు మాత్రం ఎవరూ పైసా ఇవ్వరు. పెళ్లిళ్ల సీజన్‌లో ఆ గంటే మాకు కరువు.

డిజైనర్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పంపేముందు ఒక్కసారి మొత్తం సెలెక్ట్ చేసి చూడండి. పెట్టె బొమ్మకంటే పెద్దదిగా కనబడితే ఎందుకో తేల్చుకున్నాకే పంపండి. వచ్చే నెల నుంచి మా షాపు బిల్లులో ఫైలు శుభ్రానికి వేరే లైను ఉంటుంది.