ఏది రాయాలె సార్?

నిరుడు ఆరో తరగతి ప్రాజెక్టు నోటుబుక్కులు దిద్దుతుంటే అన్నిట్లోనూ ఒకటే బొమ్మ, మొహంజొదారో స్నానవాటిక. జిరాక్సు షాపులో పది రూపాయలకు దొరికే కాగితం. కింద రాసిన నాలుగు వాక్యాలూ గైడులోవే. చెన్నూరు మండలంలో పద్దెనిమిదేళ్లుగా సోషల్ చెబుతున్నాను. ఇన్నేళ్లూ ఇలాంటి వాటికే మార్కులు వేశానని ఆ రోజు మనసు కలుక్కుమంది.

మర్నాడు పిల్లలకు వేరే పని చెప్పాను. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద గురించి ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకు రమ్మన్నాను. 2022 జులై వరద వాళ్లు కళ్లారా చూసిందే. అప్పుడు మా మండలంలోని సోమన్‌పల్లిలో వాటర్ ట్యాంకు ఎక్కిన ఇద్దరిని హెలికాప్టర్ తీసుకెళ్లిన ముచ్చట ఇప్పటికీ చెప్పుకుంటారు.

రెండు రోజులకు ఒకమ్మాయి నోటుబుక్కు పట్టుకుని వచ్చింది. "సార్, నీళ్లు గడప దాకా వచ్చినయని తాత చెప్పిండు. నాయినమ్మేమో కాదు, కొట్టం దాకనే అంటది. ఏది రాయాలె సార్?"

"రెండూ రాయి. అప్పుడు ఎవరెక్కడున్నరో అడిగి రా" అన్నాను.

వరద వచ్చిన రాత్రి తాత చుట్టాల ఊళ్లో ఉన్నాడట, ఇల్లు చేరింది మూడో రోజున. కొట్టంలో మోకాలిలోతు నీళ్లలో దిగి బర్రెల తలుగులు విప్పింది నాయినమ్మే. "చూసినోళ్ల మాట వేరు, విన్నోళ్ల మాట వేరు కద సార్" అంది ఆ పిల్ల. సాక్ష్యాన్ని ఎలా తూచాలో నేను ఏ పాఠంలోనూ ఇంత బాగా చెప్పలేకపోయాను.

మొహంజొదారో వద్దనడం లేదు. ఇల్లు దాటాకే అక్కడికి వెళ్దాం అంటున్నాను. తూర్పుకు పోవాల్సిన గోదావరి మా చెన్నూరు దగ్గర ఉత్తరానికి తిరుగుతుంది. దిక్కులు నేర్పడానికి అంతకన్నా మంచి పటం ఏముంది? హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ డైనోసార్ అస్థిపంజరం మా పక్కనున్న వేమనపల్లి నేలలో దొరికిందే. ఆ సంగతి మా పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

సిలబస్ ఎప్పుడు పూర్తి చేస్తారని అడుగుతారు. నాకు పట్టింది రెండు పీరియడ్లు. ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ఇరవై మార్కుల్లో ప్రాజెక్టు పనికి ఐదు ఎలాగూ ఉన్నాయి. ఏడాదిలో ఒక్క ఎఫ్ఏలోనైనా ఆ ఐదు మార్కులు పిల్లలు తమ ఊళ్లో అడిగి, చూసి, కొలిచి రాసినదానికే ఇవ్వాలని విద్యాశాఖ ఉత్తర్వు ఇవ్వాలి. కొనుక్కొచ్చిన బొమ్మకు మార్కు వేయకూడదు. వేరే జిల్లా నుంచి బదిలీపై వచ్చిన టీచరుకు ఊరి సంగతులు తెలియవన్న ఇబ్బంది నిజమే. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో పాతవాళ్లు ఒక పూట కూర్చుని చెబితే తీరుతుంది.

పెద్దలకూ ఒక మాట. 86 వరద నాటికి ఇరవై ఏళ్లున్నవాళ్లు ఇప్పుడు అరవైకి చేరువలో ఉన్నారు. మనవడో మనవరాలో నోటుబుక్కు పట్టుకుని వస్తే, తర్వాత చూద్దామనకండి. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి.