శ్రేణి తగ్గినంతమాత్రమున
2018 సెప్టెంబరులో అట్లాంటిక్ మహాసముద్రముపై నాలుగవ శ్రేణికెక్కిన ఫ్లోరెన్స్ హరికేను, పైగాలుల తాకిడికి లోనై క్షీణించి, 14వ తేదీన ఉత్తర కరోలినాలోని రైట్స్‌విల్ బీచి చెంత మొదటి శ్రేణిగా తీరము దాటినప్పుడు, ఆ సంఖ్య యొక్కటే చూచి గండము గడచినదనుకొనిన వారెవరైన నున్నచో వారిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. లోపము కొలమానమునందే యున్నది. ఈ శ్రేణులను నిర్ణయించు సాఫిర్-సింప్సన్ మానము గాలి వేగమునే కొలుచును గాని, గాలి సన్నగిలుచుండగనే తుపాను విస్తరించుటయు, నడక మందగించి యొక్కచోటనే తిష్ఠవేయుటయు, సముద్రమును ఉప్పెనగా నెట్టుకొనివచ్చుటయు దానికి పట్టవు. తుపాను లోపలి తీరు నెరుగుటకు వేరు సాధనములు కలవు: విమానము తుపాను గర్భమున జొచ్చి జారవిడిచిన డ్రాప్‌సాండ్ అను సన్నని గొట్టము, చిన్న పారాచూటుతో కడలిపైకి దిగుచు, పీడనమును, తేమను, గాలిని క్షణక్షణము తెలుపుచుండును. అట్టి కొలతలనెల్ల కూర్చి చూచిన మయామీలోని జాతీయ హరికేన్ కేంద్రమువారు, గాలి తగ్గినదని చెప్పిన నోటనే ఘోరమగు వరదలు రానున్నవని హెచ్చరించిరి. అట్లే జరిగినది: ఎలిజబెత్‌టౌనులో 35 అంగుళములకు మించి వాన కురిసెను, ఫాయెట్‌విల్ వద్ద కేప్ ఫియర్ నది, తుపాను తీరము దాటిన అయిదు దినముల పిమ్మట గాని, పతాకస్థాయి నందుకొనలేదు. కావున పత్రికలును, దూరదర్శన ప్రసారములును శ్రేణిసంఖ్యను శీర్షికనుండి దింపి, నీరు ఎంత లోతున, ఏ వీధి వరకు, ఎన్నడు వచ్చునో మొదటి వాక్యముననే చెప్పవలెను.