అరిగినది తుపాకియా, బాధ్యతయా?

2019వ సంవత్సరము ఆగస్టు 21వ తేదీన బీహారు రాష్ట్రమందలి సుపౌల్ జిల్లాలో మాజీ ముఖ్యమంత్రి జగన్నాథ మిశ్రాగారి యంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనములతో జరిగినవి. తుది వందనమునకై పోలీసులు 22 రైఫిళ్లను పైకెత్తి మీటలు నొక్కిరి. ఒక్కటియు పేలలేదు. వార్త విన్నవారు నవ్విరి. మేము నవ్వలేకపోతిమి. తప్పు తూటాదే కానిండు, తుపాకిదే కానిండు, ఆ రెంటిని ముందుగా పరీక్షించి చూడవలసిన చేయి యొకటి యుండవలెను. ఆ చేయి పనిచేయలేదు. మృతునికి వందనము చేయజాలని తుపాకి బ్రదికియున్న పౌరుని రక్షించునని నమ్ముట యెట్లు? దానిని భుజమున వేసికొని రాత్రియెల్ల కావలి కాయు కానిస్టేబులు తన ప్రాణమును దేనికి తాకట్టు పెట్టినట్లు?

ఇట్టి సందర్భములందెల్ల వినవచ్చు మాట యొక్కటే: పాత తుపాకులు పారవేయుడు, క్రొత్తవి కొనుడు! ఈ మాట చెవికింపుగానే యున్నది. కాని యిది రోగమును విడిచి రోగి చొక్కాను మార్చుట వంటిది. తుపాకి యేండ్లనుబట్టి ముసలిది కాదు. అరిగిన భాగమును మార్చువాడు లేక ముసలిదగును. మనకు ముందుగా కావలసినది క్రొత్త తుపాకి కాదు. ఉన్నదానిని విప్పి, కొలిచి, మార్చి, ఇది పనికివచ్చును, ఇది పనికిరాదు అని ధైర్యముగా వ్రాసి సంతకము చేయు ఆర్మరరు.

త్రీ నాట్ త్రీ యని జనులెల్లరు నెరిగిన .303 లీ ఎన్‌ఫీల్డు రైఫిలునే తీసికొందము. దీని ప్రసిద్ధ నమూనా 1907లో నిర్ణయింపబడినది. వంగదేశమందలి ఈశాపూరులో 1904లో స్థాపింపబడిన రైఫిలు కర్మాగారము దీనిని దశాబ్దముల తరబడి తయారుచేసినది. దీనిలో అరుగని భాగము లేదు. తూటామందు వేడికి గొట్టము మొదలు తినబడి పోవును. శుభ్రము చేయు త్రాడును వంకరగా లాగినచో గొట్టపు మూతి యొకప్రక్క కోసికొనిపోవును. స్ట్రైకరును నెట్టు స్ప్రింగు బలము తగ్గినచో దెబ్బ చాలక తూటా పేలదు. కాలిన తొడుగును వెలికిలాగు కొక్కెము మొద్దువారినచో తొడుగు లోపలనే చిక్కుకొనును. కర్ర యెండి కుదించుకొన్నచో గొట్టము కుదురు తప్పి, గురి చెడును. వీనిలో స్ప్రింగును, కొక్కెమును మార్చుటకు పట్టునది కొలది నిమిషములు. మార్చకపోవుటకు చెల్లించు వెల యొకని ప్రాణము.

అన్నిటికంటె ప్రమాదకరమైన అరుగుదల కంటికి కనబడదు. బోల్టు మూసినప్పుడు దాని ముఖమునకును, తూటా యంచు ఆనుకొను చోటునకును నడుమ కొలత తప్పని సందు ఉండవలెను. ఈ రైఫిలునకు సైన్యమువారు విధించిన హద్దు అంగుళములో 0.064 మొదలు 0.074 వరకు. ఈ రెండు హద్దుల నడుమ భేదము అంగుళములో నూరవ వంతు మాత్రమే! బోల్టును బిగించి పట్టు చెవులరిగి సందు పెరిగినచో, పేలునప్పుడు ఇత్తడి తొడుగు సాగి యడుగు భాగమున తెగవచ్చును. తెగిన ముక్క గొట్టములో నిలిచి రెండవ తూటాను దూరనీయదు. మండిన వాయువు కాల్చువాని ముఖము మీదికే యెగదన్నవచ్చును. దీనికి విరుగుడు బోల్టు తలను విప్పి, కొంచెము పొడవైనదానిని అమర్చి, గేజితో మరల కొలుచుట. 4వ నంబరు లీ ఎన్‌ఫీల్డునకు ఇందుకొరకే 0 మొదలు 3 వరకు నాలుగు కొలతల బోల్టు తలలు చేయబడినవి. వస్తువు చిన్నది, పని చిన్నది. కాని గేజి లేనివాడు దీనిని చేయజాలడు. చేసినను దానిని నమ్మరాదు.

బోల్టు మీదను, తుపాకి దేహము మీదను ఒకే సంఖ్య చెక్కుట అలంకారమునకు కాదు. ఆ రెండును ఒకదానికొకటి సరిచూచి జతపరచబడినవి. ఒక తుపాకి బోల్టును మరొకదానికి తగిలించి, చెడిన రెంటినుండి మంచిదొకటి చేసితిమని లెక్కలో వ్రాసికొనుట మరమ్మతు గాదు, జూదము. 1962 చైనా యుద్ధమునకు పిమ్మట ఈశాపూరువారు ఈ రైఫిలు పోలికనే 7.62 మిల్లీమీటర్ల తూటాకు 2ఏ1 అను రైఫిలును చేసిరి. చూచుటకు రెండును కవలలే. కాని ఒకదాని తూటా మరొకదానికి పనికిరాదు. తెలియని చేతికి రెండింటి భాగములును ఒకే పెట్టెలో నిచ్చినచో ఏమి జరుగునో చెప్పనక్కరలేదు.

తుపాకి నిజముగా నెప్పుడు మరణించునో తెలియగోరువారు కెనడా దేశమును చూడవచ్చును. ఆ దేశపు ఉత్తర హిమభూములలో కావలికాయు కెనడియన్ రేంజర్ల దళము 1947లో ఏర్పడినది. వారికిచ్చినది ఈ 4వ నంబరు లీ ఎన్‌ఫీల్డే. నూనె గడ్డకట్టు చలిలో, ధ్రువపు టెలుగుబంట్లు తిరుగు నేలలో, అది సుమారు 70 ఏండ్లు వారికి నమ్మిన బంటువలె పనిచేసినది. చివరకు దాని స్థానమున సి-19 అను క్రొత్త రైఫిలు ప్రవేశపెట్టబడినది. పాతది పేలకపోవుటచే గాదు. దానికి విడిభాగములు దొరకుట దుర్లభమగుటచేత. రాజ్యతంత్రము తెలిసిన ప్రభుత్వము చేయవలసిన పని యిదియే. భాగములు దొరకునంతకాలము బాగుచేయుట, దొరకనినాడు లజ్జపడక సెలవిచ్చుట. భాగములును ఈయక, సెలవును ఈయక, కానిస్టేబు భుజమున వ్రేలాడదీయుట పొదుపు గాదు, వంచన.

ఇచట నొక యాక్షేపణ రాగలదు. 2008 నవంబరు 26వ తేదీ రాత్రి బొంబాయి ఛత్రపతి శివాజీ రైలు స్టేషనులో హంతకులు కలష్నికోవు తుపాకులతో 50 మందికి పైగా జనులను చంపినప్పుడు, రైల్వే పోలీసుల చేతిలోనున్నవి లాఠీలును, త్రీ నాట్ త్రీలును. ఎంత చక్కగా మరమ్మతు చేసినను బోల్టు తిప్పి యొక్కొక్క తూటా కాల్చు తుపాకి దానికి సాటియగునా యని యడుగుదురు. కాదు. దానిని మేము కాదనము. అట్టి యాపదకు తగిన యాయుధము నీయవలసినదే. ఉత్తర ప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 కవాతుతో త్రీ నాట్ త్రీకి వీడ్కోలు చెప్పుట మంచిపనియే. కాని క్రొత్తది మాత్రము అరుగదా? ఘనముగా తెచ్చుకొన్న ఇన్సాస్ 1999 కార్గిలు చలిలో ఇబ్బంది పెట్టినది. దాని మాగజీనులు పగిలినట్లు ఫిర్యాదులు వచ్చినవి. 2019లో అమెరికానుండి 72,400 సిగ్ రైఫిళ్లు కొనుటకు ఒప్పందము జరిగినది. 2021లో ఆరు లక్షలకు పైగా ఏకే-203 రైఫిళ్లకు ఒప్పందము జరిగినది. వీని స్ప్రింగులును సడలును. వీని గొట్టములును తినబడును. ఆర్మరరు లేని ఠాణాలో నేటి క్రొత్త తుపాకి పది పండ్రెండేండ్లకు మరొక త్రీ నాట్ త్రీ కాక మానదు.

చరిత్రను తలచినచో మన సిగ్గు రెట్టింపగును. 1857 పిమ్మట పరప్రభువులు మన సిపాయికి లోపల మర లేని నునుపు గొట్టపు తుపాకుల నిచ్చిరి. తెల్ల సోల్జరు చేతికి మార్టినీ హెన్రీ వచ్చినప్పుడు సిపాయికి పాత స్నైడరు. వాని చేతికి లీ మెట్‌ఫర్డు వచ్చినప్పుడు సిపాయికి మార్టినీ. 1878 ఆయుధముల చట్టముతో సామాన్య ప్రజల చేతిలోని యాయుధమును సైతము కట్టుదిట్టము చేసిరి. వారికి మనయెడ భయముండెను, అనుమానముండెను. అది దౌష్ట్యమే యైనను దానికొక హేతువున్నది. స్వరాజ్యమున మన బిడ్డకే మనము అరిగిన యాయుధము నిచ్చుటకు హేతువేమి? భయమా? కాదు. అనుమానమా? కాదు. కేవలము అలక్ష్యము. శత్రువు ద్వేషముతో చేసిన పనిని స్వజనుడు సోమరితనముతో చేసినచో, దెబ్బ తిన్నవానికి భేదమేమున్నది?

కావున మేము కోరునవి గొప్ప కోరికలు కావు. తుపాకులు కొను ప్రతి యొప్పందములోను వాని యాయుఃప్రమాణమునకు చాలు విడిభాగములును, గేజీలును చేర్చవలెను. ప్రతి జిల్లాకును శిక్షణ పొందిన ఆర్మరరు ఉండవలెను. అతనిని బందోబస్తునకును, అధికారుల యింటిపనికిని త్రిప్పరాదు. ఏటేట ప్రతి తుపాకిని కొలిచి, మార్చిన భాగమును, తేదీని, కొలతను పుస్తకములో నెక్కించి సంతకము చేయవలెను. హద్దు మీరినదానిని కొట్టివేసి, మరల ఎవరి చేతికిని పోకుండ చేయవలెను. తన తుపాకి సరిగా లేదని చెప్పిన కానిస్టేబును క్రమశిక్షణ తప్పినవానిగా గాక, విధి నెరవేర్చినవానిగా నెంచవలెను.

పాఠకులారా! మీ శాసనసభ్యుడు ఎన్ని క్రొత్త తుపాకులు కొంటిమని చెప్పుటకు మీ యూరికి రాగలడు. ఎందరు ఆర్మరరులను నియమించితిరి, ఎన్ని గేజీలు కొంటిరి, గత యేడు ఎన్నిటిని పరీక్షించి ఎన్నిటిని కొట్టివేసితిరి అని యడుగుడు. జవాబు రానిచో మరల నడుగుడు. తుపాకి నిచ్చిన చేయియే దాని విడిభాగమును ఈయవలెను. అది యీయజాలని ప్రభుత్వమునకు పరుని బిడ్డ భుజమున తుపాకి నుంచు నధికారము లేదు.